పాత లోలకం గోడ గడియారం కొనేముందు: వియన్నాదా, జర్మనీదా, జపాన్‌దా?

పాత సామాన్ల షాపులో గోడ నిండా లోలకం గడియారాలు వేలాడుతుంటే ముందుగా కన్ను పడేది పైన ఉన్న కిరీటం మీదే. రెక్కలు విప్పిన గద్ద, దూకుతున్న గుర్రం, తీగలు, పూలు, రెండు పక్కలా గుండ్రంగా చెక్కిన స్తంభాలు. చాలామంది అక్కడే మనసు పారేసుకుని బేరం మొదలుపెడతారు. నా సలహా దీనికి పూర్తిగా ఉల్టా. చెక్కడం చివర చూడండి. నూరేళ్ళలో ముందు ఊడిపోయేది, విరిగిపోయేది ఆ కిరీటమే. మనదేశంలో కొత్తగా చెక్కించి అతికించడానికి తేలికైనదీ అదే. లోపలి యంత్రం, డయల్, లోలకం, చెక్క పెట్టె నాలుగూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయా లేదా అన్నదే సేకరించేవాళ్ళకు అసలు ప్రశ్న. కిరీటం లేకున్నా నాలుగూ కలిసి ఉన్న గడియారానికే నేను ఓటు వేస్తాను.

మన మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. బరువులతో నడిచే వియన్నా రెగ్యులేటర్లు (రెగ్యులేటర్ అంటే కచ్చితమైన టైము కోసం చేసిన గడియారం), స్ప్రింగుతో నడిచే జర్మన్ గడియారాలు, జపాన్‌లో తయారైన సీకోషా తరహావి. అమెరికన్, ఫ్రెంచి గడియారాలూ ఉన్నాయి కానీ వాటి గురించి క్లుప్తంగానే చెబుతాను.

వియన్నా రెగ్యులేటర్

ఇది మూడు పక్కలా అద్దాలున్న సన్నటి, పొడవాటి పెట్టె. లోపల ఇత్తడి తొడుగు వేసిన బరువులు దారాలకు వేలాడుతుంటాయి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వియన్నా నగరంలో పుట్టిన పద్ధతి ఇది. తర్వాత జర్మన్ ఫ్యాక్టరీలు ఇదే రూపాన్ని పెద్దఎత్తున తయారు చేశాయి. కాబట్టి షాపువాళ్ళు "వియన్నా" అంటే అది వియన్నాలో తయారైందని అర్థం కాదు, ఆ పద్ధతిలో తయారైందని అర్థం.

దీని గొప్పతనం బరువులో ఉంది. బరువు మొదటి రోజు ఎంత బలంతో లాగుతుందో చివరి రోజూ అంతే బలంతో లాగుతుంది. స్ప్రింగు అలా కాదు. కీ తిప్పిన కొత్తలో గట్టిగా తోస్తుంది, వారం చివరికి నీరసిస్తుంది. అందుకే టైము కచ్చితంగా ఉండాలనుకునేవాళ్ళకు బరువుల గడియారానికి సాటి లేదు. పైగా మంచి వియన్నాల్లో లోలకం కాడ చెక్కతో చేసి ఉంటుంది. దాని లాభమేంటో కింద మన వాతావరణం దగ్గర చెబుతాను.

ఎన్ని బరువులున్నాయో చూడండి. ఒక్క బరువుంటే అది టైము మాత్రమే చూపిస్తుంది, గంట కొట్టదు. రెండుంటే గంట కొడుతుంది. మూడు ఉంటే పావుగంటలు కూడా కొట్టే రకం. మూడు బరువులవి అరుదు, రిపేరు కూడా కష్టం. మన ఇళ్ళలో పాత గడియారం కొనేవాళ్ళు ఎక్కువమంది గంట వినాలని కొంటారు. ఒక్క బరువున్నది తెచ్చుకుని తర్వాత నిరాశపడొద్దు. అయితే యంత్రం మీద ప్రేమతో కొనేవాళ్ళకు మాత్రం ఆ ఒక్క బరువుదే నేను ముందు చూపిస్తాను. చక్రాలు తక్కువ, అరుగుదల తక్కువ, నడక ప్రశాంతం.

డయల్ మీద చిన్న సెకన్ల ముల్లు ఉంటే దాన్ని చేతిగడియారంతో సరిచూడండి. ఒక పూర్తి చుట్టుకు 60 సెకన్లు పట్టాలంటే లోలకం దాదాపు మీటరు పొడవుండాలి, లెక్క ప్రకారం 99.4 సెంటీమీటర్లు. రెండు బరువుల వియన్నాల్లో చాలావాటికి లోలకం అంతకన్నా పొట్టి. కాబట్టి ఆ ముల్లు 45 సెకన్లకే చుట్టు తిరిగొస్తుంది. అది లోపం కాదు, నకిలీ కూడా కాదు. అప్పట్లో అలాగే తయారు చేశారు. కానీ "ఇది అసలు సెకన్ల రెగ్యులేటర్" అని ఎక్కువ ధర చెబితే మాత్రం ఒప్పుకోకండి.

ఇంకో మాట. వియన్నా గడియారాల్లో అత్యుత్తమమైనవి, అంటే 1800 నుంచి 1850 దాకా వచ్చినవి, అలంకారం దాదాపు లేనివే. ఇంటి కప్పులా పైన త్రికోణం, సన్నటి గీతలు, నునుపైన చెక్క, అంతే. నిండా చెక్కడాలు, స్తంభాలు, కిరీటాలు వచ్చింది 1870ల తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాకే. అంటే అలంకారం ఎక్కువున్నంత మాత్రాన పాతది అనుకోవడం తప్పు. చాలాసార్లు జరిగింది దానికి వ్యతిరేకం.

జర్మన్ స్ప్రింగు గడియారం

తెలుగు రాష్ట్రాల్లో పాత ఇళ్ళలో, పాత షాపుల్లో కనిపించే చెక్కడపు గడియారాల్లో పెద్ద వాటా వీటిదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పేర్లు ముందు. జుంగాన్స్ కంపెనీ 1861లో జర్మనీ బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని ష్రాంబర్గ్‌లో మొదలైంది. అమెరికన్ పద్ధతిలో యంత్రాలతో భారీగా ఉత్పత్తి చేసి, ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా ప్రపంచంలోనే అతిపెద్ద గడియారాల ఫ్యాక్టరీ అయింది. దాని గుర్తు ఎనిమిది కొనల నక్షత్రం, మధ్యలో జె అక్షరం. అదే ఊళ్ళో పుట్టిన హాంబర్గ్ అమెరికన్ క్లాక్ కంపెనీ గుర్తు ఒకదాన్నొకటి దాటే రెండు బాణాలు. గుస్తావ్ బెకర్ 1847లో సైలీషియాలోని ఫ్రైబర్గ్‌లో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ ఊరు పోలండ్‌లో ఉంది, పేరు స్వీబొజీత్సె. లెంజ్‌కిర్ష్ కంపెనీ 1851లో మొదలైంది. పనితనంలో నా దృష్టిలో ఈ నాలుగింటిలో లెంజ్‌కిర్ష్‌దే మొదటి స్థానం. కానీ మన దగ్గర దొరకడం తక్కువ. ఆ తర్వాత బెకర్. జుంగాన్స్, బాణాల గుర్తువి ఎక్కువ దొరుకుతాయి, విడిభాగాలూ దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్ళకు ఆ సౌకర్యం చిన్నదేం కాదు.

వయసు తెలుసుకోవడంలో ఇవి మనకు చాలా సాయం చేస్తాయి. బెకర్ యంత్రం వెనక పలక మీద గుర్తు కింద నంబరు ఉంటుంది. ఫ్రైబర్గ్ ఫ్యాక్టరీ నంబర్లు 1892 ప్రాంతంలో పది లక్షలకు చేరాయి. దాన్ని బట్టి ముందూ వెనకా అంచనా వేయొచ్చు. అయితే బోహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) బ్రౌనౌ శాఖలో తయారైనవాటి నంబర్ల వరస వేరు. ఆ ఒక్కటి గమనించకపోతే లెక్క తప్పుతుంది. జుంగాన్స్ యంత్రాల మీద కొన్నిటికి ఏ 08, బీ 12 లాంటి ముద్ర ఉంటుంది. ఏ అంటే ఆ ఏడాది తొలి సగం, బీ అంటే మలి సగం. అంటే బీ 12 అన్నది 1912 రెండో సగంలో తయారైంది.

"మేడ్ ఇన్ జర్మనీ" అని ఇంగ్లీషులో ఉంటే అది సాధారణంగా 1887 తర్వాతిది. విదేశీ సరుకు మీద దేశం పేరు వేయాలని బ్రిటన్ ఆ ఏడాది చట్టం చేసింది. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే అది 1949 తర్వాతిది. చుట్టూ ఎంత పాత చెక్కడం ఉన్నా, ఎవరు నూటయాభై ఏళ్ళంటున్నా సరే.

లోలకం బిళ్ళ మీద ఆర్, ఏ అని రెండు అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి. రాజుగారి సైన్యానివనీ, రైల్వేవనీ రకరకాల కథలు చెబుతారు. అవి ఫ్రెంచి మాటల మొదటి అక్షరాలు. ఒకటి వెనకబడటం, ఇంకోటి ముందుకెళ్ళడం. గడియారం స్లో చేయాలా, ఫాస్ట్ చేయాలా అన్నదాన్ని సూచిస్తాయి.

అన్నిటికన్నా పనికొచ్చే అంకె మాత్రం వెనక పలక మీద ఉంటుంది. 36/116 లాగా. మొదటిది లోలకం పొడవు సెంటీమీటర్లలో, రెండోది నిమిషానికి కొట్టాల్సిన టిక్కులు. అన్ని జర్మన్ యంత్రాలకూ ఇది ఉండదు. కానీ ఉంటే మీ చేతికి పరీక్షాపత్రం దొరికినట్టే. లోలకాన్ని కొలవండి, ఒక నిమిషం పాటు టిక్కులు లెక్కపెట్టండి. తేడా ఎక్కువుంటే ఆ లోలకం ఆ గడియారానిది కాదు.

అలంకారం సంగతికొస్తే, 1880 నుంచి 1900 దాకా వచ్చిన "పాత జర్మన్" శైలి బరువైన చెక్కడాలతో, లావుపాటి స్తంభాలతో ఉంటుంది. 1900 తర్వాత కొత్త శైలిలో వంపులు తిరిగిన తీగలు, సన్నటి గీతలు వచ్చాయి. 1920లకల్లా పెట్టెలు నాలుగు పలకలుగా, సాదాగా మారిపోయాయి. గద్ద, గుర్రం బొమ్మలు మొదటి రకానికి సరిపోతాయి. 1920ల సాదా పెట్టె మీద పెద్ద గద్ద కూర్చుని ఉంటే దాన్ని ఎవరో తర్వాత ఎక్కించి ఉంటారు.

గంట కొట్టే పద్ధతి కూడా అడిగి తెలుసుకోండి. కొన్ని పాత యంత్రాల్లో గంటలు లెక్కపెట్టే చక్రం ఒకటి విడిగా తిరుగుతుంది. ముల్లు ఎక్కడున్నా అది తన వరసలో తాను కొట్టుకుంటూ పోతుంది. ఒకసారి గంట స్ప్రింగు అయిపోతే మూడు గంటలప్పుడు ఏడు కొడుతుంది. తర్వాతి కాలపు యంత్రాల్లో గంట ముల్లుతో జతకట్టిన ఏర్పాటు ఉండటంతో తప్పినా తనే సర్దుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ వినే గడియారమైతే ఈ రెండో రకమే తీసుకోండి. లేకపోతే దాన్ని సర్దడమే ఒక టెన్షన్. పరీక్ష తేలిక. పెద్ద ముల్లును నెమ్మదిగా ముందుకు తిప్పుతూ ప్రతి గంటకూ ఆగి, కొట్టనిచ్చి, మళ్ళీ తిప్పండి. వెనక్కి మాత్రం తిప్పొద్దు.

జపాన్ గడియారాలు

హట్టోరి కింటారో 1892లో టోక్యోలో సీకోషా ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మొదట తయారు చేసింది గోడ గడియారాలే. అమెరికన్ యంత్రాల పద్ధతిని తీసుకుని, ధర తగ్గించి, ఆసియా అంతా అమ్మారు. మన దగ్గరికీ బాగానే వచ్చాయి. చెక్కడంలో జర్మన్ పెట్టెలంత లోతు ఉండదు, చెక్క పలచన, స్తంభాలు సన్నవి. కానీ యంత్రం మొండిది. ధూళి పట్టినా, నూనె ఎండినా నడుస్తూనే ఉంటుంది. సేకరించేవాళ్ళు వీటిని కొన్నాళ్ళు చిన్నచూపు చూశారు. అది సరైన అంచనా అని నేననుకోను. మొదటి పాతికేళ్ళ సీకోషా గడియారం అన్ని భాగాలతో దొరికితే అతుకులేసిన జర్మన్ గడియారం కన్నా వెయ్యి రెట్లు నయం.

డయల్ మీద "31 డేస్" అని రాసి ఉంటే జాగ్రత్త. నెలకోసారి కీ ఇస్తే చాలు అనే ఆ గడియారాలు ఎక్కువగా జపాన్, కొరియా, చైనాల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చినవి. ఇంట్లో వాడుకోవడానికి బాగుంటాయి, పురాతన వస్తువు ధర మాత్రం పెట్టొద్దు.

అమెరికన్లలో ఆన్సోనియా, సెత్ థామస్ పేర్లు వినిపిస్తాయి. ఆన్సోనియా తన యంత్రసామగ్రిని 1929లో సోవియట్ యూనియన్‌కు అమ్మేసింది, కాబట్టి అసలువన్నీ అంతకుముందువే. ఫ్రాన్స్ నుంచి వచ్చే బంగారు పూత పూసిన కంచు గడియారాలు అద్భుతంగా ఉంటాయి కానీ నకళ్ళు చాలా ఎక్కువ. అమెరికాలోనో యూరప్‌లోనో ఉండే తెలుగువాళ్ళకు ఫ్రాన్స్ పల్లెల కామ్ట్వాజ్ గడియారం దొరకొచ్చు. పెద్ద రేకు లోలకం మీద పూలు ఉబ్బెత్తుగా ఉంటాయి. గంట కొట్టిన రెండు నిమిషాలకు మళ్ళీ అన్నే కొడుతుంది. మొదటిసారి లెక్క తప్పినవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు అది.

బ్యాటరీతో నడుస్తూ కింద లోలకం ఊగే గడియారాలు ఈ పోలికలోకి రావు. వాటిలో లోలకానికీ టైముకూ సంబంధమే లేదు.

అతుకుల గడియారాన్ని పట్టుకోవడం

ముంబయి చోర్ బజార్, కొచ్చి యూదు వీధి, కారైక్కుడి, హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, ఎక్కడ కొన్నా పెద్ద బెడద ఒకటే. ఒక యంత్రం, ఇంకో డయల్, కొత్త పెట్టె కలిపి "జమీందారు ఇంట్లోది" అని అమ్మడం. తలుపు తీయించి, లోలకం దింపించి, వీలైతే యంత్రాన్ని బయటికి తీయించి చూడండి. ఒప్పుకోని షాపులో కొనకండి.

వెనక చెక్క చూడండి. యంత్రం బిగించిన చోట వాడని పాత మేకు కన్నాలు ఉంటే అక్కడ ఇంతకుముందు వేరే యంత్రం ఉండేది. గంట మోగే చుట్ట కమ్మికి ఎదురుగా, లోలకం వెనక ఉన్న చెక్క మీద ఎండకు, పొగకు పట్టిన రంగు ఒక క్రమంలో ఉండాలి. కీ కన్నాలు డయల్ రంధ్రాలకు సరిగ్గా మధ్యలో పడాలి. డయల్‌ను తొలిచి వెడల్పు చేసినట్టుంటే అది ఈ యంత్రానికి పుట్టింది కాదు. తలుపు కిందిభాగంలో లోలకం బిళ్ళ అద్దంలోంచి పూర్తిగా కనిపించాలి. సగం మరుగున పడితే లోలకమో పెట్టెనో మారింది. కిరీటం చెక్కలో, పెట్టె చెక్కలో గీతలు ఒకేలా లేకపోతే, చెక్కడం లోతుల్లో దుమ్ము బదులు బూట్ పాలిష్ లాంటి నలుపు ఉంటే, అది కొత్తగా చేయించింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారాల గది ముందు తీరిగ్గా చూసి రండి. పాత పూత, పాత అంచులు నిజంగా ఎలా అరుగుతాయో కళ్ళకు అలవాటవుతుంది.

కిరీటం ఒక్కటే కొత్తదై మిగతా అంతా అసలైతే నేను కొంటాను, ధర తగ్గించి. డయల్ మారితే ఆలోచిస్తాను. యంత్రమే వేరేదైతే ఎంత అందంగా ఉన్నా వదిలేస్తాను.

యంత్రం అరుగుదల చూడటానికి కీ నెమ్మదిగా తిప్పుతూ ఇరుసుల చివరలు పలకల కన్నాల్లో అటూ ఇటూ కదులుతున్నాయా గమనించండి. కన్నం చుట్టూ నల్లటి నూనె వలయాలుంటే ఇత్తడి అరిగి పొడి కలుస్తోందన్నమాట. బాగు చేయించవచ్చు కానీ ఆ ఖర్చు బేరంలో తీసేయించండి. స్ప్రింగు విరిగితే పక్క చక్రాల పళ్ళు కూడా పోతాయి. కాబట్టి పళ్ళన్నీ టార్చిలైటుతో చూడాలి. స్ప్రింగున్న యంత్రాన్ని మీరే విప్పే ప్రయత్నం చేయొద్దు. బిగించి ఉన్న స్ప్రింగు ఒక్కసారి వదిలితే వేళ్ళు తెగుతాయి.

మన ఊరికి తెచ్చాక

జర్మనీలో సరిచేసిన లోలకం గడియారం హైదరాబాద్‌లో అలాగే తగిలిస్తే రోజుకు ఒకటిన్నర నిమిషానికి పైగా వెనకబడుతుంది. యంత్రంలో తప్పు లేదు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ భూమ్యాకర్షణ కాస్త తగ్గుతుంది, లోలకం మెల్లగా ఊగుతుంది. 1672లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయేన్‌కు తీసుకెళ్ళిన గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడినప్పుడే ఈ సంగతి బయటపడింది. మనం చేయాల్సింది బిళ్ళ కింద మరను తిప్పి కొద్దిగా పైకి జరపడం. మీటరు లోలకానికి ఒక మిల్లీమీటరు జరిపితే రోజుకు 43 సెకన్ల తేడా వస్తుంది. పాతిక సెంటీమీటర్ల పొట్టి లోలకానికి అదే మిల్లీమీటరుకు దాదాపు మూడు నిమిషాలు. పొట్టి లోలకాన్ని సరిచేయడానికి అందుకే ఎక్కువ ఓపిక కావాలి.

వేడికి కాడ సాగుతుంది. ఉక్కు కాడైతే ఒక్క డిగ్రీ పెరిగితే రోజుకు సుమారు అరసెకను వెనకబడుతుంది, ఇత్తడైతే ఇంకాస్త ఎక్కువ. జనవరికీ మే నెలకూ ఇంట్లో పదిహేను డిగ్రీల తేడా వచ్చే రామగుండం, నంద్యాల లాంటి చోట్ల ఇది స్పష్టంగా తెలుస్తుంది. చెక్క కాడ వేడికి చాలా తక్కువ సాగుతుంది. వియన్నా గడియారానికి మన వేసవిలో ఉన్న లాభం ఇదే. అయితే చెక్కకు తేమ పడదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు ఊళ్ళలో పాలిష్ పోయిన చెక్క కాడ కన్నా లోహపు కాడే నమ్మకం. అక్కడ ఉక్కు స్ప్రింగులకు తుప్పు భయం కూడా ఉంటుంది. బయటి గోడకు, బాత్రూమ్ పక్క గోడకు తగిలించొద్దు. వెనక పలకకూ గోడకూ మధ్య గాలి ఆడే సందు ఉంచండి. చెదలు మొదట వచ్చేది అక్కడినుంచే.

కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేయొద్దు. గడియారాల నూనె విడిగా దొరుకుతుంది, ఇరుసు కన్నంలో చిన్న బొట్టు చాలు. రంగు వేసిన డయల్‌ను తడిగుడ్డతో అస్సలు తుడవకండి, అంకెలు లేచిపోతాయి.

ఎవరికి ఏది

ఇంట్లో అందరూ గంట వినాలి, వారానికోసారి కీ ఇచ్చే ఓపిక ఉంది, ఇదే మొదటి గడియారం అంటే 1890-1915 నాటి జుంగాన్స్ గానీ బెకర్ గానీ తీసుకోండి. కిరీటం లేకపోయినా ఫరవాలేదు. బడ్జెట్ తక్కువైతే పాత సీకోషా. ఇప్పటికే రెండు మూడు ఉన్నాయి, యంత్రం మీద ఇష్టం ముదిరింది అంటే ఒక్క బరువు వియన్నా కోసం ఆగండి, తొందరపడి రెండు బరువులది తెచ్చుకోవద్దు. గోడ ఎత్తు కూడా చూసుకోండి. వియన్నా పెట్టె నిలువునా మీటరు పైనే ఉంటుంది. బరువులు, పెట్టె కలిపి మోయాలి కాబట్టి పాత సున్నం గోడలకు మేకు బదులు గట్టి బోల్టు కావాలి. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కీ గడియారాలు విప్పగలిగిన మెకానిక్ ఉన్నారా అని కొనకముందే వాకబు చేయండి. లేకపోతే విడిభాగాలు దొరికే జుంగాన్స్‌కే మళ్ళీ మొగ్గు చూపుతాను.

తాతగారి గడియారాన్ని విదేశాలకు తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు 1972 నాటి పురావస్తువుల చట్టం గుర్తుపెట్టుకోవాలి. నూరేళ్ళు దాటిన పనితనం గల వస్తువులు దాని పరిధిలోకి వస్తాయి. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. నూరేళ్ళ లోపుదైతే అది పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తీసుకుంటే విమానాశ్రయంలో ఇబ్బంది ఉండదు.

ఊరు దాటించేటప్పుడు లోలకాన్ని, బరువులను తప్పకుండా విప్పి విడిగా చుట్టండి. లోలకం వేలాడే పైభాగంలో సన్నటి ఉక్కు రేకు ఉంటుంది. అది వంగితే గడియారం సరిగా ఊగదు. కొత్త గోడ మీద తగిలించాక టిక్కుకూ టాక్కుకూ మధ్య ఎడం సమానంగా వచ్చేదాకా పెట్టె అడుగును కొద్దికొద్దిగా ఎడమకో కుడికో జరపండి. ఎడం కుంటుతూ ఉంటే నాలుగైదు గంటల్లో ఆగిపోతుంది. పాతవాటిలో "నడవట్లేదు" అని తక్కువ ధరకు అమ్మేసినవి కొన్నిటికి ఉన్న జబ్బు ఇదొక్కటే.